నాన్నది ఈ వారం ఏ షిఫ్టు?

మా పాప ఏ, బీ, సీలు బడికంటే ముందు మా ఫ్రిజ్ తలుపు మీద నేర్చుకుంది. అక్కడ నా షిఫ్టుల క్యాలెండర్ అంటించి ఉంటుంది. ఏ అంటే తను లేవకముందే నాన్న వెళ్లిపోతాడు. బీ అంటే తను పడుకున్నాక వస్తాడు. సీ అంటే పగలంతా పడుకుంటాడు, ఆ గది తలుపు తియ్యకూడదు. ఎల్‌కేజీలో ఉండగా ఒకసారి టీచర్ మా ఆవిడతో చెప్పారట, 'సీ ఫర్' అని అడిగితే మీ అమ్మాయి 'నాన్న బజ్జున్నాడు' అంటోందని. ఆ సాయంత్రం మేమిద్దరం చాలాసేపు దాని గురించే మాట్లాడుకున్నాం.

నేను పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ఎనలిస్టుని. ఉండేది విజయనగరం దాసన్నపేటలో, అద్దె ఇంట్లో. మా ఆవిడ డెంకాడ మండలంలో గ్రామ సచివాలయం ఉద్యోగి, డిజిటల్ అసిస్టెంట్. పాపకి ఆరేళ్లు, ఒకటో తరగతి. బాబుకి రెండున్నరేళ్లు. 2025 అక్టోబర్‌లో నాకు హైదరాబాద్ నుంచి ఒక ఆఫర్ వచ్చింది. వెళ్లాలా వద్దా అని మా ఇంట్లో మూడు వారాల పాటు నలిగిన విషయం ఇక్కడ రాస్తున్నాను. రణస్థలం, పైడిభీమవరం వైపు కంపెనీ బస్సుల్లో నాతో పాటు తిరిగేవాళ్లలో చిన్నపిల్లల తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. ఏదో ఒకరోజు వాళ్లకీ ఇలాంటి మెయిల్ వస్తుంది.

అక్టోబర్ 7, మంగళవారం నాడు పైడితల్లి అమ్మవారి సిరిమాను, అంటే పూజారిని చివర కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను, తిరిగింది. ఆ రోజు నాకు ఏ షిఫ్టు. రెండింటికి దిగి, దొరికిన బస్సెక్కి వచ్చి, పాపని భుజాల మీద ఎక్కించుకుని జనంలో నిలబడ్డాను. చదురుగుడి దగ్గర్నుంచి కోట దాకా సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది. మూడుసార్లూ చూడందే పాప దిగనంది. అదే వారం శుక్రవారం నాడు ఆ మెయిల్ వచ్చింది.

ఏడాదికి 8 లక్షల 40 వేలు అని ఉంది. ఇప్పుడు నా చేతికొచ్చేది నెలకి 38 వేలు. 8 లక్షల 40 వేలని పన్నెండుతో భాగిస్తే 70 వేలు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇల్లు కొనుక్కోవడం, పాపని మంచి బడిలో వెయ్యడం, అమ్మ మోకాళ్లకి వైద్యం, అన్నీ వరసగా కళ్ల ముందు తిరిగాయి.

మా ఆవిడ పొద్దస్తమానం దరఖాస్తులు చదివే మనిషి. మర్నాడు ఆ ఆఫర్ లెటర్ ప్రింటు తీసి, వెనకాల పెన్సిలుతో లెక్క వేసింది. అందులో పది శాతం వేరియబుల్ పే. అంటే ఏడాది చివర పనితీరు చూసి ఇచ్చేది, పూర్తిగా ఇస్తారన్న నమ్మకం లేదు. కంపెనీ నా పేరున కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ (కొన్నేళ్లు చేసి మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు) కింద చూపించిన మొత్తం, ఆరోగ్య బీమా ప్రీమియం కూడా ఆ 8 లక్షల 40 వేలలోనే కలిపేశారు. అవన్నీ తీసేసి, నా వాటా పీఎఫ్, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 కూడా తీసేస్తే చేతికొచ్చేది 57 వేల దగ్గర ఆగింది. తేడా 19 వేలు. అదీ తక్కువేం కాదు. కానీ అక్కడ గదిలో వాటా 6 వేలు, తిండికి 5 వేలు, నెలకి రెండుసార్లు ఇంటికి వచ్చి వెళ్లడానికి నాలుగున్నర వేలు, సిటీ బస్సులకీ మిగతా చిల్లర ఖర్చులకీ వెయ్యిన్నర. మొత్తం 17 వేలు. కాగితం చివర తను '2,000' అని రాసి, కింద రెండు గీతలు గీసి, నా ముందు పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది.

అందరం కలిసి వెళ్లిపోవచ్చు కదా అని మీరు అడగొచ్చు. ఈ రాష్ట్రం సచివాలయం ఉద్యోగం తెలంగాణకి బదిలీ అవదు. తను ఆ ఉద్యోగం వదిలేయాలి. 2019 సెప్టెంబర్‌లో తను ఆ పరీక్ష రాసినప్పుడు పాపకి నాలుగు నెలలు. మా అత్తగారు పరీక్ష సెంటర్ బయట చెట్టు కింద పాపని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. అలా తెచ్చుకున్న ఉద్యోగాన్ని నా జీతం పెరుగుతోందని వదిలెయ్యమని అడగడానికి నాకు నోరు రాలేదు. తనూ ఆ మాట ఎత్తలేదు.

విడివిడిగా ఉండటం మాకు కొత్త కాదు. నేను 2015 నుంచి హైదరాబాద్‌లోనే చేశాను. తనకి ఉద్యోగం వచ్చాక, తనూ పాపా ఇక్కడ, నేను అక్కడ. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మందుల కంపెనీలు ఆపలేదు, నేను అక్కడే ఉండిపోయాను. పాప మొదటి అడుగులు ఫోన్‌లోనే చూశాను. నెట్ ఆగిపోయి, బొమ్మ కదలకుండా నిలబడిపోయింది. మళ్లీ వచ్చేసరికి పాప కింద కూర్చుని ఉంది. అందుకే 2021 మార్చిలో పైడిభీమవరంలో ఖాళీ ఉందని తెలియగానే ఆరు వేలు తక్కువైనా చేరిపోయాను.

అప్పుడు నేను ఒక తప్పు చేశాను. ఉద్యోగం మారేవాళ్ల కోసం ఇది చెప్పాలి. పాత కంపెనీ వదిలినప్పుడు అవసరానికి పీఎఫ్ మొత్తం, అందులోని పెన్షన్ డబ్బుతో సహా, తీసేసుకున్నాను. పీఎఫ్‌లో ఉన్న పెన్షన్ పథకం కింద నెలనెలా పెన్షన్ రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి. డబ్బు ముట్టుకోకుండా యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) మీద కొత్త కంపెనీకి బదిలీ చేసుకుని ఉంటే ఆ ఐదేళ్లు కలిసి, ఈపాటికి పదేళ్లు నిండటానికి దగ్గర పడేవి. ఇప్పుడు నా లెక్క 2021 నుంచి మళ్లీ మొదలు. ఉద్యోగం మారినా ఆ డబ్బు మాత్రం దయచేసి తియ్యకండి.

గ్రాట్యుటీ సంగతి కూడా ఇంచుమించు అలాంటిదే. మామూలుగా అయితే ఐదేళ్ల సర్వీసు నిండాలి. ఆఫర్ వచ్చినప్పటి లెక్క ప్రకారం, చివరి నెల బేసిక్, డీఏ కలిపి 26తో భాగించి, 15తో హెచ్చవేసి, ఎన్నేళ్లు చేస్తే అన్నింతలు చెయ్యాలి. నా బేసిక్ 18 వేలు. ఐదేళ్లకి 52 వేలకి కొంచెం తక్కువ వస్తుంది. ఆఫర్ వచ్చేనాటికి నాకు నాలుగేళ్ల ఏడు నెలలే. వాళ్లేమో డిసెంబర్ మొదట్లో చేరమన్నారు.

డబ్బు లెక్క ఇంతటితో అయిపోయింది. అక్కడితో తేలిపోయి ఉండాలి నిజానికి. తేలలేదు, ఎందుకంటే ఆ పని మీద నాకు ఆశ ఉంది. ఇక్కడ నేను వేరేవాళ్లు తయారు చేసి ఇచ్చిన పద్ధతి ప్రకారం శాంపిల్ పరీక్ష చేసి, రికార్డు రాసి, సంతకం పెడతాను. అక్కడిచ్చేది మెథడ్ డెవలప్‌మెంట్, అంటే అసలు ఆ పద్ధతిని కనిపెట్టి రుజువు చేసే పని. ఎమ్మెస్సీ చదివేటప్పటి నుంచి నేను చెయ్యాలనుకున్నది అదే. ముప్పై ఆరేళ్లొచ్చాయి. ఇంకో నాలుగేళ్లు పోతే ఆ పనికి నన్నెవరు పిలుస్తారు అన్న టెన్షన్ ఇప్పటికీ ఉంది.

మా ఆవిడ మొదటివారం అంతా ఒకటే మాట. "మీరెళ్లండి, నేను చూసుకుంటాను." ఎన్నిసార్లడిగినా అదే. ఆ కంపెనీ పాశమైలారం వైపు అని నేను చెప్పిన రోజు మాత్రం కాసేపు ఏమీ మాట్లాడలేదు. 2025 జూన్ 30న అక్కడ ఒక ఫ్యాక్టరీలో పేలుడు జరిగి యాభై మందికి పైగా పోయారు. 2024 ఆగస్టులో మన అచ్యుతాపురం సెజ్‌లో పదిహేడు మంది పోయారు. ఈ పనిలో ఉన్నవాళ్ల ఇళ్లలో ఆ ఊళ్ల పేర్లు వింటే గుండె ఆగినంత పనవుతుంది. నేనుండేది లేబొరేటరీలో, రియాక్టర్ల దగ్గర కాదు అని చెప్పాను. తల ఊపింది.

రెండో వారంలో ఒక రాత్రి, పిల్లలు పడుకున్నాక, బట్టలు మడతపెడుతూ తనే అంది. "నేను చూసుకుంటానన్నది చూసుకోగలనని కాదండీ. రేపెప్పుడైనా మీరు కోపంలో, నీ వల్లే ఆగిపోయాను అంటే నేను తట్టుకోలేను. అందుకని వెళ్లమన్నాను." అలా ఎప్పటికీ అననని నేను అన్నాను. "ఇప్పుడు అనరు" అంది. ఆ మాట నిజమేనని నాకూ అనిపించింది. అందుకే ఏ నిర్ణయం తీసుకున్నా అది నా నోటితో, నా కారణాలతో తీసుకోవాలని ఆ రాత్రే అనుకున్నాను.

ఆ ఆదివారం చీపురుపల్లి దగ్గర మా ఊరు వెళ్లి నాన్నని అడిగాను. మా నాన్న ఇరవై రెండేళ్లు మద్రాసులో రాడ్ బెండింగ్ పని చేశాడు. మా వీధిలో సగం ఇళ్ల మగవాళ్లు అలాగే వలస వెళ్లినవాళ్లు, కొందరు ఆడవాళ్లు కూడా. సంక్రాంతికి ముందు రైలు దిగి వచ్చేవాడు. నాకు ఒక చొక్కా తెచ్చేవాడు. అది ప్రతి ఏడూ బిగుతుగా ఉండేది. కిందటి సంక్రాంతికి నన్ను ఎంత చూశాడో ఆ కొలతకి కొనేవాడు మరి. భుజాల దగ్గర పట్టేస్తున్నా బాగుంది నాన్నా అని చెప్పి, పండగ మూడు రోజులూ వేసుకునేవాణ్ణి. తర్వాత అది మా పిన్ని కొడుక్కి వెళ్లేది.

నేనడిగింది విని నాన్న కాసేపు ఆలోచించాడు. "నేనెల్లింది ఊళ్లో పని లేక రా. నీకిక్కడ పనుంది. అయినా పిల్లల సదువులకి డబ్బు కావాల. నాకేటి తెలుసు, మీరిద్దరూ ఆలోసించుకోండి" అన్నాడు.

తిరిగి బయల్దేరేటప్పుడు నేను ఇన్నాళ్లూ సరిగ్గా చూడని సంగతి ఒకటి చూశాను. అమ్మ నాన్నకి చోడి అంబలి కాచి గిన్నె మీద మూత పెట్టి, ఏ డబ్బాలో ఏముందో చెప్పి, సంచీ తీసుకుని మాతో పాటు బస్సెక్కింది. ఆదివారం సాయంత్రం నుంచి శుక్రవారం దాకా పిల్లల కోసం అమ్మ మా దగ్గర ఉంటుంది. నాన్న ఊళ్లో పొలం చూసుకుంటూ తనే వండుకుంటాడు. ఇరవై రెండేళ్లు విడిగా ఉండి, చివరికి ఒక చోట చేరిన వాళ్లిద్దరినీ మా ఉద్యోగాల కోసం మేమే మళ్లీ విడదీశాం. నేను హైదరాబాద్ వెళ్తే అమ్మకి ఆ శని, ఆదివారాలు కూడా ఉండవు. ఆఫర్ లెటర్‌లో నా ఒక్కడి పేరే ఉంది. మారబోయేది మాత్రం నలుగురు పెద్దవాళ్ల ఉద్యోగం. అప్పటిదాకా నేను వేసిన ఏ లెక్కలోనూ అమ్మ లేదు, 17 వేల ఖర్చులో కూడా లేదు. మోకాళ్ల నొప్పితో బాబు వెనక పరిగెత్తే మనిషికి సాయంగా ఇంకొకరిని పెట్టాలంటే ఆ మిగిలే 2 వేలు ఏ మూలకి?

బస్సులో అమ్మ అంది, "నేనుంటాన్రా, నాకేటి. గానీ రాత్రేళ బాబుకి జొరమొస్తే నాకు భయమేస్తాది."

ఆ భయం ఎక్కడిదో చెప్పాలి. కిందటేడు ఆగస్టులో, బాబుకి పదహారు నెలలప్పుడు, నేను సీ షిఫ్టులో ఉన్నాను. లేబొరేటరీలోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు, లాకర్‌లో పెట్టేయాలి. రాత్రి ఒంటిగంటన్నరకి బాబుకి జ్వరంలో ఫిట్స్ వచ్చాయి. ఒళ్లు బిగుసుకుపోయి, కళ్లు పైకి వెళ్లిపోయాయి. మా అమ్మ భయంతో పళ్ల మధ్య చెంచా పెట్టబోయిందట. మా ఆవిడ ఆపింది. రెండు నిమిషాల్లో ఆగిపోయాయి గానీ, ఆ రెండు నిమిషాలు ఎంతసేపో తనకే తెలుసు. 108 వచ్చేలోపు నాకు పద్నాలుగు సార్లు ఫోన్ చేసింది. పొద్దున్న ఆరింటికి లాకర్ తీసి చూశాను. ఆస్పత్రి ముందు బస్సు దిగేదాకా నాకేం గుర్తులేదు.

పిల్లల డాక్టరు చెప్పింది రాస్తాను, ఎవరికైనా అవసరం పడొచ్చు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు కొంతమంది పిల్లలకి జ్వరం వస్తే ఇలా వస్తుంది, చాలామందికి వయసుతో పోతుంది. అప్పుడు పిల్లల్ని పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు, మందు కానీ నీళ్లు కానీ పొయ్యకూడదు. టైము చూసుకోవాలి. ఐదు నిమిషాలు దాటినా, మళ్లీ మళ్లీ వస్తున్నా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మొదటిసారి వస్తే ఎలాగూ డాక్టరుకి చూపించాల్సిందే. ఈ మార్చిలో మళ్లీ ఒకసారి వచ్చింది. ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను, నా చేతులతోనే బాబుని పక్కకి తిప్పాను.

బస్సులో అమ్మ మాట విన్నాక నాకు తట్టింది. ఆ ఆగస్టు రాత్రి నేను ఇంటికి గంట దూరంలోనే ఉన్నాను. అయినా పైడిభీమవరంలో ఉన్నానో పాశమైలారంలో ఉన్నానో మా ఇంట్లోవాళ్లకి తేడా లేదు. రెండు వారాలకి పైగా నేను హైదరాబాద్ గురించే ఆలోచిస్తున్నాను. ఉన్న ఉద్యోగంలో ఏం మార్చుకోవచ్చో ఒక్కరోజు కూడా ఆలోచించలేదు, ఎవర్నీ అడగలేదు.

మంగళవారం మా డిపార్ట్‌మెంట్ హెడ్ దగ్గరకి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆఫర్ ఉందని బెదిరించలేదు, ఆ మాట ఎత్తనే లేదు. బాబు సంగతి చెప్పి, జనరల్ షిఫ్టు ఏదైనా ఉందా అని అడిగాను. క్వాలిటీ ఎస్యూరెన్స్‌లో రికార్డులు చూసే ఒక మేడమ్ ప్రసూతి సెలవు మీద వెళ్తున్నారు. చట్టం ప్రకారం 26 వారాలు. ఆ సీటులోకి నన్ను తీసుకుంటామన్నారు. షిఫ్టు అలవెన్సు 2,600 పోతుంది. మే నెలలో ఆమె తిరిగొచ్చాక ఏమిటన్నది అప్పుడు చూద్దామన్నారు. ఇంకో మాట అడిగాను, రాత్రి షిఫ్టులో ఉన్నవాళ్లకి ఇంటి నుంచి అర్జెంటుగా ఫోన్ చెయ్యాలంటే ఎలా అని. షిఫ్టు ఇన్‌చార్జి బల్ల మీద ల్యాండ్‌లైన్ ఉంది కదా, ఆ నంబరు ఇంట్లో ఇచ్చి ఉంచండి అన్నారు. నాలుగున్నరేళ్లు ఆ బల్ల పక్కనుంచే రోజూ నడిచాను. మీరు షిఫ్టుల్లో చేస్తుంటే ఈ రోజే ఆ నంబరు కనుక్కుని ఇంట్లో గోడ మీద రాయండి. ఆఫర్ గురించి తర్వాత ఆలోచించవచ్చు.

హైదరాబాద్ వాళ్లకి రాలేనని మెయిల్ పెట్టాను. రాయడానికి రెండు గంటలు పట్టింది. పంపాక కొంచెం ఏడుపొచ్చింది కూడా. ఆ పని నాకు ఇష్టం అని ముందే చెప్పాను కదా. ఇప్పుడు రాలేకపోతున్నాననీ, ముందుముందు అవకాశం ఉంటే గుర్తుపెట్టుకోమనీ రాశాను. వాళ్లూ మర్యాదగానే జవాబిచ్చారు.

వెళ్లినవాళ్లది తప్పని నేను అనను. మా కంపెనీ బస్సులో నా పక్కన కూర్చునే ఆయన అప్పు తీర్చడానికి కిందటేడు భార్యని, ఇద్దరు పిల్లల్ని ఊళ్లో వదిలి వెళ్లాడు. సంక్రాంతి టికెట్ల కోసం 60 రోజుల ముందు పొద్దున్నే ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు, తెరిచిన కాసేపట్లోనే వెయిటింగ్ లిస్టు వచ్చింది. ఆయనకి ఆ అప్పు లేకపోతే వెళ్లేవాడు కాదు. ఎవరి ఇంటి లెక్క వాళ్లది. మీకూ అలాంటి మెయిల్ వస్తే, చేతికొచ్చేది ఎంతో రాతలో అడగండి. పిల్లలకి బీమా చేరిన రోజు నుంచే వర్తిస్తుందా, ప్రొబేషన్ అయ్యేదాకా సెలవులు ఇస్తారా, చదువు మధ్యలో బడి మార్చితే ఇక్కడ కట్టిన ఫీజు ఏమవుతుంది, ఇవన్నీ కనుక్కోండి. రాత్రి రెండింటికి పిల్లలకి ఏదైనా అయితే ఇంట్లో ఎవరుంటారో ఆ మనిషిని కూడా కూర్చోబెట్టి అడగండి. నేను అమ్మని అందరికంటే ఆఖర్న అడిగాను, అది కూడా తనంతట తనే చెప్తే విన్నాను.

నవంబర్ మొదటి సోమవారం నుంచి జనరల్ షిఫ్టు. ఏడూ ముప్పావుకి ఎత్తు బ్రిడ్జి దగ్గర బస్సు, సాయంత్రం ఆరున్నర దాటేసరికి ఇల్లు. అమ్మ ఇప్పుడు గురువారం రాత్రికే ఊరు వెళ్లిపోతోంది. శుక్రవారం బాబుని మా ఆవిడ చెల్లెలు చూసుకుంటోంది. అదెన్నాళ్లు కుదురుతుందో తెలియదు. 35 వేల 400తో ఈ నెల కొంచెం కష్టంగానే నడుస్తోంది. పాలవాడికి ఇంకా ఇవ్వలేదు.

ముందురోజు ఆదివారం రాత్రి పాప పెన్సిలు పట్టుకుని ఫ్రిజ్ దగ్గర నిలబడింది. "నాన్నా, ఈ వారం ఏ షిఫ్టు?"

"జీ రాయి."

"జీ అంటే ఏటి?"

"పొద్దున్న నువ్వు బడికి రెడీ అవుతుంటే వెళ్తాను. రాత్రి నువ్వు అన్నం తినేటప్పటికి ఇంట్లో ఉంటాను."

నవంబర్ గడులన్నీ నింపింది, ఆదివారాలు వదిలేసి. పేజీ తిప్పి డిసెంబర్ కూడా నింపింది. బాబు కింద నిలబడి పెన్సిలు నాకివ్వు అని ఏడుస్తున్నాడు. డిసెంబర్ 31 అయిపోయాక ఇంకో పేజీ కోసం చూసింది, లేదు. కొత్త క్యాలెండర్ ఎప్పుడొస్తుందని అడిగింది. గంటస్తంభం దగ్గర కిరాణా షాపు వాళ్లు జనవరిలో ఇస్తారని చెప్పాను.